మీ కంప్యూటర్లో ఉన్న బిల్లు నా కంప్యూటర్‌కి కాగితంగా ఎందుకు రావాలి?

తిరుపతి, చిత్తూరు హోల్‌సేల్ వ్యాపారులకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల వారికి, మా లెక్కలు చూసే ఆడిటర్లకు, వ్యాపార సంఘాల పెద్దలకు నమస్కారం.

మాది తిరుపతిలో పైపులు, మోటార్లు, శానిటరీ ఫిట్టింగులు అమ్మే చిన్న కొట్టు. మా మామయ్య పెట్టారు. ఇప్పుడు కౌంటరు మా ఆయన చూసుకుంటారు, లెక్కలు నేను చూస్తాను. ముగ్గురు కుర్రాళ్లు పనిచేస్తారు. కొట్లో కాగితం తగ్గించాలని కొన్నేళ్లుగా పట్టుదలగా ప్రయత్నిస్తున్నాను. మా చేతిలో ఉన్నంతవరకు తగ్గించుకున్నాం. మిగిలిన కాగితం మేం పుట్టించేది కాదు, మీరు అడిగేది, మీరు పంపేది. అందుకే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా కొట్లో రోజూ జరిగేది చెబుతాను. సరుకు ఆర్డరు పెడతాం. బిల్లు మీ కంప్యూటర్లో తయారవుతుంది. మీరు దాన్ని మూడు కాపీలు ప్రింటు తీస్తారు, రబ్బరు స్టాంపు వేస్తారు, సంతకం పెడతారు. ఒక కాపీ సరుకుతో పాటు ఆటోలో వస్తుంది. డ్రైవరు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఇక్కడికి చేరేసరికి చెమటకు మడతల దగ్గర అంకెలు చెదిరిపోయి ఉంటాయి. మా కుర్రాడు సరుకు దించుకుంటూ ఆ బిల్లు మీదే పెన్నుతో టిక్కులు కొడతాడు. సాయంత్రానికి అది నా టేబుల్ మీదికి వస్తుంది. నేను కూర్చుని జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, ఒక్కో ఐటమ్, రేటు, పన్ను మళ్లీ నా కంప్యూటర్లో కొడతాను. పొద్దున మీ దగ్గర ఎవరో కొట్టిన అంకెలే అవి. ముప్పావు ఇంచి ఎల్బో, ఇంచి ఎల్బో, ఇంచి టీ, అన్నీ వరుసగా కళ్ల ముందు తిరుగుతాయి. బిల్లు నంబరులో 8 బదులు 3 కొట్టానంటే, నెల తిరిగాక, మీరు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బీ పట్టికతో పోల్చేటప్పుడు అది సరిపోలదు. ఇక మీకు ఫోను, మీరు మళ్లీ ప్రింటు, మళ్లీ ఫొటో, మళ్లీ వాట్సాప్.

రెండు కంప్యూటర్ల మధ్య ఆ బిల్లు కాగితమై ఊరంతా తిరిగి రావలసిన అవసరం ఏముంది? మీ సాఫ్ట్‌వేర్‌లోనే పీడీఎఫ్‌గా పంపే వీలుంది. ఒక్కసారి మా ఈమెయిలు అందులో ఎక్కిస్తే చాలు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు.

2021 నవంబర్ వానలు మీరెవరూ మర్చిపోయి ఉండరు. తిరుపతి వీధులు ఏరులై పారాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని కింది ఊళ్ల వాళ్లను ఖాళీ చేయించారు. మా కొట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మోటార్లు పైకెత్తుకోవడానికే చేతులు చాల్లేదు. కింది అరలో ఉన్న బాక్స్ ఫైళ్ల సంగతి మూడోనాడు గానీ ఎవరికీ గుర్తు రాలేదు. తెరిస్తే, నాలుగేళ్ల కొనుగోలు బిల్లులు తడి అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మామయ్యా నేనూ మేడ మీద గదిలో ఫ్యాను కింద చాప పరిచి, ఒక్కో కాగితం విడదీసి ఆరబెట్టాం. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన బిల్లుల మీద అక్షరాలన్నీ నీలి మరకలయ్యాయి. పాత డాట్ మ్యాట్రిక్స్ బిల్లులు కొంత నయం, చదవడానికి వచ్చాయి. ఆ వాసన చాలా నెలలు ఆ గదిని వదల్లేదు.

తర్వాతి వేసవిలో పాత కొనుగోళ్ల మీద మాకు నోటీసు వచ్చింది. పదకొండు బిల్లులు చూపమని అడిగారు. ఏడు దొరికాయి. మిగతా నాలుగింటి కోసం అమ్మినవాళ్లకు ఫోన్లు చేశాను. ఇద్దరు కంప్యూటర్లో వెతికి గంటలో పంపారు, వాళ్లకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను. ఒక ఆయన మాత్రం, "ఆ బుక్కులన్నీ పాతపేపర్లోడికి ఏసేసినామమ్మా, ఇప్పుడు యాడ తెచ్చేది" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. అర ఖాళీ కావాలంటే ఎవరమైనా అదే చేస్తాం. కానీ కొన్న బిల్లు చేతిలో లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, నిలవదు. దొరకని ఆ రెండు బిల్లుల పన్ను వడ్డీతో సహా మేమే కట్టాం. సరుకు కొన్నది నిజం, పన్ను కట్టింది నిజం, కాగితం లేదు, అంతే.

మీలో చాలామంది, "జీఎస్టీకి కాగితమే కావాలమ్మా" అంటారు. దయచేసి ఒకసారి నియమాలు చూడండి. కంప్యూటర్లో ఉన్న రికార్డుకు చట్టపరమైన గుర్తింపు 2000 నాటి ఐటీ చట్టంతోనే వచ్చింది. జీఎస్టీ నియమాల్లో 56, 57 చదివితే, లెక్కలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకోవచ్చని, వాటికి డిజిటల్ సంతకం ఉండాలని, బ్యాకప్ ఉండాలని, అడిగినప్పుడు తెరిచి చూపించగలగాలని ఉంది. దాచాల్సిన గడువు కూడా చిన్నది కాదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. 2024-25 లెక్కలకు ఆ గడువు 2025 డిసెంబర్ 31 కాబట్టి, ఆ ఏడాది బిల్లులు 2031 డిసెంబర్ చివరి దాకా ఉండాలి. వివాదం నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అన్నేళ్లు చెదలు, ఎలుకలు, వాన, ఇల్లు మారడాలు, గోడౌన్ మారడాలు తట్టుకుని మన కాగితాలు నిలుస్తాయని మీకు నమ్మకం ఉందా? నాకు లేదు.

సరుకుకు మూడు ప్రతులు ఉండాలన్న నియమం నిజమే. కొన్నవారికి ఒకటి, రవాణాకు ఒకటి, అమ్మినవారికి ఒకటి. దారిలో బండితో వెళ్లేది కాగితం మీదే ఉండనివ్వండి, చెక్‌పోస్టు దగ్గర డ్రైవరుకు టెన్షన్ ఉండదు. మిగతా రెండూ కాగితం ఎందుకు? మీలో పెద్ద టర్నోవరు వాళ్లకైతే బండితో వెళ్లే ఆ కాగితం కూడా తప్పనిసరి కాదు. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాదికి 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఈ-ఇన్‌వాయిసు, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తీస్తున్నాయి కదా. దాని క్యూఆర్ కోడ్‌ను డ్రైవరు ఫోన్లో చూపించినా చెల్లుతుందని నియమం 138ఏ చెబుతోంది. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లుకైతే నంబరు ఉంటే చాలు. ప్రభుత్వమే ఒప్పుకున్నదానికి మనం ఒప్పుకోవడం లేదు.

మేం చేసిన తప్పులు కూడా చెప్పాలి. లేకపోతే మీరు మొదలుపెట్టి, అక్కడే దెబ్బతిని, ఇదంతా మనవల్ల కాదని వదిలేస్తారు.

వరద తర్వాత నేను చేసిన మొదటి పని స్కానర్ కొనడం. మిగిలిన పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయమని ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాను. మూడు నెలలు చేశాడు పాపం. అన్నీ స్కాన్0001, స్కాన్0002 అనే పేర్లతో ఒకే ఫోల్డరులో పడ్డాయి. నోటీసు వచ్చినప్పుడు వాటిలో వెతకబోతే, ఒక్కో పేజీ తెరిచి చూడటం తప్ప దారి లేదు. బీరువాలో ఉన్న గందరగోళమే కంప్యూటర్లోకి వచ్చింది. ఇప్పుడు అడిగితే చెబుతాను, పాతవి ముట్టుకోకండి. వచ్చే ఏప్రిల్ 1న మొదటి బిల్లు నుంచి మొదలుపెట్టండి. పాతవి ఎత్తైన అరలో పెట్టి, గడువు తీరేకొద్దీ ఏడాదికొక కట్ట చొప్పున తీసేయండి. మనం గెలవాల్సింది రేపటి బిల్లు మీద.

పేర్లు పెట్టే పద్ధతి మాత్రం గట్టిగా పట్టుకోవాలి. మేం 2024-06-15 అని ఏడాది, నెల, తేదీ ముందు రాస్తాం, తర్వాత అమ్మినవారి పేరు, బిల్లు నంబరు, మొత్తం. ఏడాది ముందుంటే కంప్యూటర్ దానంతట అదే వరుసలో పెడుతుంది. 15-06-2024 అని తారీకు ముందు రాస్తే పన్నెండు నెలల ఒకటో తారీకులన్నీ ఒకచోట చేరతాయి, ఏది ఎక్కడుందో తెలియదు. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. కొట్టు ఈమెయిలు మా కుర్రాడి ఫోను నంబరు మీద తెరిచాం. అతను మంచివాడు, చదువుకున్నవాడు. శ్రీసిటీలో ఉద్యోగం వచ్చి వెళ్లాడు. మొదట్లో ఓటీపీ వస్తే ఫోను చేసి చెప్పేవాడు. తర్వాత నంబరు మార్చాడు. అంతే, రెండు నెలల బిల్లులు లోపలే ఉండిపోయాయి. తప్పు అతనిది కాదు. బీరువా తాళం ఎవరి మొలకు ఉండాలో మనకు తెలుసు గానీ, పాస్‌వర్డు కూడా తాళమేనన్న జ్ఞానం మాకు లేకపోయింది. ఇప్పుడు మెయిలు కొట్టు నంబరు మీద ఉంది. పాస్‌వర్డు నా దగ్గర, మా ఆయన దగ్గర ఉంటుంది. రాసిన కాగితం ఒకటి బ్యాంకు లాకరులో నగల పెట్టెలో ఉంది.

బిల్లులు మూడు చోట్ల ఉంటాయి. కొట్లో కంప్యూటర్లో, ప్రతి శనివారం రాత్రి ఇంటికి తీసుకెళ్లే హార్డ్‌డిస్కులో, ఇంటర్నెట్‌లో గూగుల్ డ్రైవ్‌లో. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మాలాంటి కొట్టుకు ఇప్పటిదాకా సరిపోయింది. వాట్సాప్‌లో ఉంది కదా, చాలు అనుకునేవారికి ఒక మాట. ఫోను పోతే, మారితే, మెమరీ నిండిందని పిల్లలు డిలీట్ చేస్తే ఆ బిల్లు ఇక లేదు. వాట్సాప్ దారి మాత్రమే, అది బీరువా కాదు.

ఇక మామయ్య సంగతి. ఆయన వయసు డెబ్బై ఆరు. ఎర్ర అట్ట చిట్టాలోనే జమా ఖర్చులు రాసినవారు. ఆయుధ పూజ నాడు ఆ చిట్టాకు పసుపు కుంకుమలు పెట్టి, కొత్త పేజీలో శ్రీకారం చుట్టందే కొట్టు తెరవరు. "కరెంటు పోతే నీ లెక్క యాడుంటాది?" అని అడిగేవారు. వాదించలేదు నేను. ఆయన అడిగింది సరైన ప్రశ్న. రోజు అమ్మకం, చేతికి వచ్చిన నగదు, ఎవరి బాకీ ఎంత అన్న మూడు అంకెలు సాయంత్రం ఆయన తన చేత్తో చిట్టాలో రాస్తారు. కంప్యూటర్‌తో సరిపోల్చుకుంటాం. రెండుసార్లు ఆయన చిట్టాయే నా తప్పు పట్టింది. ఆ ఒక్క పుస్తకం మా కొట్లో ఉంటుంది, ఉండాలి కూడా.

కాగితం ఒక్కటీ ఉండకూడదని నేను అనడం లేదు. ప్రోనోటు కాగితం మీదే రాయాలి. వీలునామా కూడా. ఐటీ చట్టం వీటిని మినహాయింపుల పట్టికలో పెట్టింది. బ్యాంకుల్లాంటి సంస్థలకు రాసే ప్రోనోట్లకు 2022లో సడలింపు ఇచ్చారు గానీ, మన జిల్లాల్లో మనలో మనం రాసుకునేవాటికి అది వర్తించదు. వాటిని స్కాన్ చేసి, అసలు పారేస్తే మునిగిపోతాం. బాకీదారుడు సరుకు ముట్టినట్టు పెట్టిన సంతకం కాగితాన్ని కూడా ఖాతా తీరేదాకా మేం ఉంచుతాం. కోర్టు దాకా వెళ్తే కంప్యూటర్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 అదే చెబుతుంది. ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపిస్తే అయిపోదు.

రైతుకు కూడా కాగితం ఇవ్వాలి. తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరుతో పడిగాపులు పడే రైతు చేతిలో వేబ్రిడ్జి చీటీ ఉండాలి. చిత్తూరు బెల్లం మండీలో రైతుకిచ్చే పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, అతని చేతికి రావాలి. ఫోన్‌కి మెసేజ్ పంపాం అంటే సరిపోదు. కాగితం తగ్గించే భారం మనం మోయాలి గానీ, చదువు రాని చేతి మీద పెట్టకూడదు.

కానీ ఆ కాగితం కూడా నిలిచేదిగా ఉండాలి. పోయిన ఏడాది పాకాల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. బోరు మోటారు కాలిపోయింది, ఇంకా వారంటీలో ఉంది. పైపంచె కొంగున కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పాడు. అందులో ఇంకో కవరు. దానిలో పట్టాదారు పాసుపుస్తకం, దాని మధ్యలో భద్రంగా మేం ఇచ్చిన బిల్లు. తీసి నా చేతికిచ్చాడు. తెల్లగా ఉంది. రెండు వైపులా తిప్పి చూశాను, ఒక్క అక్షరం లేదు. అది థర్మల్ పేపరు. వేడికి నల్లబడే పూత మీద అచ్చు పడుతుంది, ఎండకూ వేడికీ, ప్లాస్టిక్ కవరులోని రసాయనాలకూ కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఆయన మొహం చూడలేకపోయాను. "నేనేం సేయలేదమ్మా, దేవుడి పటం వెనకాల పెట్టినా" అన్నాడు. అతని ఫోను నంబరుతో మా కంప్యూటర్లో వెతికితే రెండు నిమిషాల్లో బిల్లు దొరికింది. సీరియల్ నంబరుతో సహా. మోటారు మార్చి ఇచ్చారు. ఆనాటి నుంచి మోటార్లకు మామూలు కాగితం మీద బిల్లు ఇస్తున్నాం, కంప్యూటర్లో కాపీ ఎప్పటిలాగే ఉంచుతున్నాం. మీరూ వారంటీ ఉన్న సరుకుకు థర్మల్ చీటీ ఇవ్వకండి. ఇది కాస్త గట్టిగానే అడుగుతున్నాను.

ఇప్పుడు నా విన్నపాలు.

హోల్‌సేల్ అన్నలారా, బిల్లు చేసిన రోజే పీడీఎఫ్‌గా మా మెయిలుకు పంపండి. ప్రింటు తీసి, స్టాంపు వేసి, దాన్ని ఫొటో తీసి పంపకండి. ఆ ఫొటోలో ఒక మూల మీ బొటనవేలు, ఇంకో మూల ట్యూబ్‌లైటు మెరుపు, అంకెలు మసక. సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా వచ్చిన పీడీఎఫ్‌లో అయితే బిల్లు నంబరు కొట్టి వెతుక్కోవచ్చు, అంకెలు కాపీ చేసుకోవచ్చు. నెలాఖరు ఖాతా స్టేట్‌మెంటు కూడా అలాగే. దాని కోసం మా కుర్రాణ్ణి బండి మీద పంపాలా చెప్పండి.

ట్రాన్స్‌పోర్టు వారికి ఒక్కటే. డెలివరీ సంతకం కాగితం మీదే తీసుకోండి, అది మీ భద్రత. కానీ మాకిచ్చే ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మెసేజ్‌లో చాలు. కార్బన్ కాపీలో మూడో పేజీ మీరే చదవలేరు.

ఆడిటర్‌గారూ, మీ మాట మాకు వేదం. మీరు ఫైలు పట్టుకు రండి అంటే జిరాక్సు షాపుకు పరిగెడతాం. ప్రతి మార్చిలో బ్యాంకు స్టేట్‌మెంటు వంద పేజీలు ప్రింటు తీసి తెస్తున్నాం, మీ ఆఫీసులో మళ్లీ ఎవరో దాన్ని కంప్యూటర్లో కొడుతున్నారు. బ్యాంకు నుంచే ఎక్సెల్‌లో దిగే స్టేట్‌మెంటు మీకు పంపిస్తాం, తీసుకోండి. రికార్డులకు డిజిటల్ సంతకం ఎలా పెట్టాలో మాలాంటి వాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఫీజు ఇస్తాం.

సంఘాల పెద్దలకు చెప్పేది నాకు అన్నిటికంటే ముఖ్యం. సభ్యత్వం రెన్యువల్‌కు ఏటా ఆధార్ జిరాక్సు, పాన్ జిరాక్సు, జీఎస్టీ సర్టిఫికెట్ జిరాక్సు, రెండు ఫొటోలు అడుగుతున్నారు. పోయిన ఏడాది ఇచ్చినవి ఏమయ్యాయి? గాంధీ రోడ్డులో ఒకసారి చెనక్కాయలు కొంటే, పొట్లం విప్పేసరికి లోపల ఎవరో ఆవిడ ఆధార్ జిరాక్సు ఉంది. ఫొటో, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా అన్నీ. దాన్ని చించి ముక్కలు చేసి ఇంటికి తెచ్చి కాల్చేశాను. ఆవిడ ఆ కాగితం ఎక్కడో నమ్మకంతో ఇచ్చి ఉంటుంది. జీఎస్టీ నంబరు ఉంటే పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆధార్ తప్పదనుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది అడగండి. మా కొట్టుకు కేంద్రం చిన్న వ్యాపారాలకు పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకున్నప్పుడు ఒక్క కాగితం కూడా అప్‌లోడ్ చేయలేదు, ఒక్క రూపాయీ కట్టలేదు. కేంద్ర ప్రభుత్వానికి అక్కర్లేని జిరాక్సు మన సంఘానికి ఎందుకండీ?

నేనొక్కదాన్ని మెయిల్లో బిల్లు అడిగితే, "ఆమె ఒక్కత్తే అడుగుతాంది" అని పక్కన పెడతారు. అదే సంఘం మీటింగులో తీర్మానం చేసి, ఏప్రిల్ 1 నుంచి సభ్యులందరూ ఒకరికొకరు బిల్లులు పీడీఎఫ్‌గా పంపుకోవాలని చెబితే, ఎవరూ కాదనరు. ఆ తీర్మానం ఒక్కటి చేయండి.

ఎలా మొదలుపెట్టాలో తెలియనివారికి మేం చేసేది చూపిస్తాం. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది, వెనక గోడౌన్‌లో ఇరవై కుర్చీలు పడతాయి. మీ ఫోను, మీ నెల బిల్లులు ఒక కట్ట తెచ్చుకోండి. కట్ట అయ్యేదాకా కూర్చుందాం. మామయ్య టీ పెట్టిస్తానన్నారు. మార్చి నెల ఆదివారాలన్నీ మీకోసం ఖాళీగా ఉంచుతాను.

ఇట్లు,
తిరుపతిలో పైపుల కొట్టు లెక్కలు చూసే మీ చెల్లెలు